‘ఆయిల్ ఆయిలే కదా’ అనే జహాలత్

మన ఇళ్లలో వినిపించే మాటల్లో బహుశా అన్నిటికన్నా ఖరీదైనది ఇది: "ఆయిల్ ఆయిలే కదా భాయ్, ఏదో ఒకటి పోసెయ్."

అన్న రోజు ఈ మాట చవగ్గానే ఉంటుంది. డబ్బా మీద నాలుగైదు వందలు, ఫిల్టర్ మీద ఇంకో రెండొందలు మిగులుతాయి. ఖుషీగా ఇంటికొస్తాం. అసలు బిల్లు తర్వాతెప్పుడో వస్తుంది. టర్బో ఈల వేయడం మొదలుపెడుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ "ఇంజను బోర్‌కొచ్చింది సాబ్" అంటాడు. అప్పుడు అమ్మీ గాజులు కుదువకు వెళ్తాయి, లేదా ఫైనాన్సు వాడి గుమ్మం ఎక్కుతాం. సూద్‌కు దూరంగా ఉండాలని పిల్లలకు చెప్పే మనమే ఏడొందల బచత్ కోసం సూద్ తలుపు తడతాం. ఆ తర్వాత "ఖిస్మత్" అని నిట్టూరుస్తాం. ఖిస్మత్ మీద ఇంత పెద్ద ఇల్జామ్ వేయడం న్యాయమేనా?

నేను మాట్లాడుతున్నది ఇల్లులా మార్చుకున్న డీజిల్ వ్యాన్ల గురించి. అమెరికాలో, యూరప్‌లో మోటర్‌హోమ్ అంటారు. మన సర్కారీ కాగితాల్లో కారవాన్ అంటారు. మన దగ్గర దీని దేశీ రూపం సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్. అన్నదమ్ములు నలుగురూ కలిసి కొంటారు. వెనక సీట్లు తీయించి పరుపులు, నీళ్ల డ్రమ్ము, దేగ్చీలు పెట్టుకోవడానికి జాగా చేయిస్తారు. ఇలాంటి మార్పులు ఆర్టీఓ ఆఫీసులో ఎక్కించుకోవడం తప్పనిసరి, ఆ బహస్ మరోసారి చేద్దాం. ఉర్స్‌కు గుల్బర్గా, ఒక్కోసారి నాగూరు, ఎప్పుడో ఒకసారి అజ్మీర్. మధ్యలో షాదీలు, వలీమాలు. మిగతా రోజుల్లో బండి ఇంటి ముందు నిలబడే ఉంటుంది.

కారవాన్ అనే మాట మనకు పరాయిది కాదు. ఫార్సీ ‘కార్వాన్’ నుంచే ఇంగ్లిషు క్యారవాన్ వచ్చింది, దాన్ని కుదిస్తే వ్యాన్ అయ్యింది. హైదరాబాదులో కార్వాన్ మొహల్లా గోల్కొండ కాలపు వర్తకుల బిడారుల పేరుతోనే ఉంది. ఆ బిడారు నడిపినవాడికి ఎద్దుకు ఏ మేత వేయాలో, ఒంటెకు ఏ మేత వేయాలో తెలుసు. ఆ ఫైసలా సత్రం వాడికి వదిలేసేవాడు కాదు. మనం వదిలేశాం.

నా వాదన ఒక్కటే. డీజిల్ ఇంజనుకు ఏ ఆయిల్, ఏ ఫిల్టర్ అన్నది ధర చూసో, రంగు చూసో, ఉస్తాద్ ఆదత్ చూసో తేల్చకూడదు. బండితో వచ్చిన కితాబ్‌లో అది రాసి ఉంటుంది. చదివే జిమ్మేదారీ యజమానిది. ఆ జిమ్మేదారీని మిస్త్రీ నెత్తిన పెట్టాం, పైగా ఆయనకు మజూరీ సరిగ్గా ఇవ్వలేదు. ఖరాబీ అంతా అక్కడే ఉంది.

వేలి పరీక్ష

ముందు ఈ వేలి పరీక్ష సంగతి తేల్చుకుందాం. డిప్‌స్టిక్ తీసి, బొట్టు ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, "నల్లగా అయిపోయింది, పల్చబడింది, మార్చేయాలి" అని ఫత్వా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి మొహల్లాలో ఉన్నారు.

డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. డీజిల్ మండితే మసి వస్తుంది. ఆ మసి ముద్దకట్టకుండా, గోడలకు అంటుకోకుండా తనలో తేలుతూ ఉండేలా పట్టి ఉంచడం ఆయిల్‌లో కలిపిన మందుల పని. నల్లబడిందంటే పని జరుగుతోందని అర్థం. వేడి ఇంజను నుంచి తీసిన ఏ ఆయిలైనా వేళ్ల మధ్య పల్చగానే ఉంటుంది. ఆయిల్‌లో డీజిల్ కలిసిందా, నీళ్లు చేరాయా, ఆమ్లాన్ని ఆపే శక్తి ఎంత మిగిలింది అన్నవి లేబొరేటరీలో తేలతాయి, వేళ్లకు తెలియవు.

డబ్బా మీది రెండు లైన్లు

ఆయిల్ డబ్బా మీద పులి బొమ్మ, రేసు కారు బొమ్మ, "సూపర్", "టర్బో", "గోల్డ్" అనే మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వాటితో మనకు వాస్తా లేదు. చదవాల్సింది చిన్న అక్షరాల్లో ఉన్న రెండు లైన్లు.

మొదటి లైను చిక్కదనం. 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 ఇలా ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం చెబుతుంది. 40 గ్రేడు అంటే ఆ వేడి దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల లోపు. 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు. ఇవి లెక్కగట్టి కొలిచిన హద్దులు.

"మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది మియా" అనేవాళ్లున్నారు. రామగుండం మే నెలలోనైనా, ఆదిలాబాద్ జనవరిలోనైనా, బాగా వేడెక్కి నడుస్తున్న ఇంజనును థర్మోస్టాట్ దాదాపు ఒకే వేడి దగ్గర ఉంచుతుంది. కితాబ్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడుల పట్టిక ఉంటే అందులోంచే ఎంచుకోండి. పట్టికలో లేని 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు తగ్గొచ్చు. కానీ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ పైనున్న క్యామ్ దాకా, టర్బో దాకా ఆలస్యంగా చేరుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కొద్ది సెకన్లలోనే. దగ్గు వినపడకుండా నోరు మూస్తే బీమారీ తగ్గినట్టా?

రెండో లైను ఆయిల్ తరగతి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చే అక్షరాలివి. డీజిల్ ఇంజన్లకు ‘సీ’తో మొదలవుతాయి. సీఎఫ్-4 1990 నాటిది, సీహెచ్-4 1998, సీఐ-4 2002, సీజే-4 2006, సీకే-4 2016 చివర్లో వచ్చింది. ‘ఎస్’తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజన్లవి. డబ్బా మీద ‘ఎస్’ అక్షరాలు మాత్రమే ఉంటే దాన్ని డీజిల్ బండికి తేవద్దు.

అన్నదమ్ముల ఇళ్లలో ఎక్కువగా జరిగే గడ్‌బడ్ ఒకటి చెప్తాను. అన్నకు పాత బండి, తమ్ముడికి కొత్త బీఎస్-6 బండి. ఇద్దరికీ కలిపి 20 లీటర్ల బకెట్ ఒకటి తెస్తారు, పాత బండికి ఎప్పుడూ వాడే సీఐ-4 తరగతిది. అన్న ఇంజనుకు ఏ ఇబ్బందీ లేదు. తమ్ముడి బండికి అది నెమ్మదైన జహర్.

ఎందుకో చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లు బీఎస్-6 ప్రమాణాలకు తయారవుతున్నాయి. ఇలాంటి డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జాలీ ఉంటుంది, అది మసిని పట్టేస్తుంది. పట్టిన మసిని ఇంజను అప్పుడప్పుడూ వేడి పెంచి కాల్చేస్తుంది. కానీ ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింకు లాంటి లోహాల మందులు కాలితే మిగిలేది బూడిద. బూడిద మళ్లీ కాలదు. కొద్దికొద్దిగా జాలీలో పేరుకుపోతుంది. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. సీజే-4 తరగతిలో సల్ఫేటెడ్ బూడిద ఒక శాతం దాటకూడదు. చిన్న డీజిల్ ఇంజన్లకు యూరప్ వాళ్ల ఏసీఈఏ సీ3 తరగతిలో 0.8 శాతం దాటకూడదు. జాలీ మూసుకుపోతే కొత్తది వేయించే ఖర్చుతో ఎన్ని డబ్బాల సరైన ఆయిల్ వస్తుందో షోరూమ్‌లో ఒకసారి ధర అడిగి చూడండి.

కితాబ్ సీఐ-4 అడిగిన పాత ఇంజనులో అదే చిక్కదనం ఉన్న సీకే-4 పోయవచ్చు. పాత ఇంజన్లకు కూడా సరిపోయేలాగే సీకే-4ను రూపొందించారు. దాని జోడీగా వచ్చిన ఎఫ్ఏ-4 అలా కాదు. అది పల్చటిది, కొన్ని కొత్త ఇంజన్ల కోసమే. అమెరికాలో పాత డీజిల్ మోటర్‌హోమ్ కొనుక్కున్న మన బంధువులు "లేటెస్ట్ కదా" అని ఎఫ్ఏ-4 తీసుకోకూడదు.

ఇక "ఫుల్లీ సింథటిక్" మోజు. సింథటిక్ అన్న మాట ఆయిల్ ఎలా తయారైందో చెబుతుంది, మీ ఇంజనుకు ఇజాజత్ ఇవ్వదు. సరైన తరగతి మినరల్ ఆయిల్ తప్పు తరగతి సింథటిక్ కన్నా లక్ష రెట్లు నయం. కితాబ్ సింథటిక్ అడిగితే అదే పోయండి. అడగకపోతే, ఆ డబ్బులు మంచి ఫిల్టర్ మీద పెట్టండి.

ఇంకో మాట. డబ్బా వెనక "మీట్స్" అని ఉందా, "అప్రూవ్డ్" అని ఉందా చూడండి. మొదటిది ఆయిల్ అమ్మేవాడి సొంత దావా. రెండోది బండి తయారుచేసినవాడు పరీక్షించి ఒప్పుకున్నాడని గవాహీ. రెండిటి మధ్య కోర్టులో ఎంత తేడా ఉంటుందో ఇంజనులోనూ అంతే తేడా.

కాగితం ఒకటే, పని ఒకటి కాదు

ఫిల్టర్ దగ్గర మన జహాలత్ ఇంకా ముదిరింది. "లోపల కాగితమే కదా" అంటాం. పరీక్ష హాల్లో కాగితం, పతంగి కాగితం, కరెన్సీ కాగితం, అన్నీ కాగితాలే మరి.

ఆయిల్ ఫిల్టర్‌లో కనబడని పుర్జాలు రెండున్నాయి. ఒకటి బైపాస్ వాల్వ్. ఫిల్టర్ మూసుకుపోయినా, చలికి ఆయిల్ గడ్డకట్టినట్టు ఉన్నా, ఇంజను ఎండిపోకుండా వడకట్టని ఆయిల్‌నే పంపే దారి అది. ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో ఇంజనును బట్టి నిర్ణయిస్తారు. మరీ తేలిగ్గా తెరుచుకునే వాల్వ్ ఉంటే, మీరు ఫిల్టర్ వేయించామనుకుంటారు, ఆయిల్ మాత్రం పక్కదారిన మురికితోనే తిరుగుతుంటుంది. రెండోది ఇంజను ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు మూత. ఫిల్టర్‌ను అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్లలో ఇది నాసిరకమైతే, రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు ఖడ్‌ఖడ్ అని వినిపిస్తుంది. వారాల తరబడి నిలబడే బండికి ఆ మూత ప్రాణంతో సమానం.

దుకాణదారు "ఇది 10 మైక్రాన్ల ఫిల్టర్" అంటే సంబరపడకండి. 10 మైక్రాన్ల ధూళిలో ఎంత శాతం పడుతుంది అని అడగండి. ఈ లెక్కను బీటా అంటారు. బీటా 2 అంటే సగమే పట్టి సగం వదిలేసింది. బీటా 75 అంటే 98.7 శాతం పట్టింది. బీటా 200 అంటే 99.5 శాతం. దీన్ని కొలవడానికి ఐఎస్ఓ 4548-12 అనే పరీక్ష ఉంది. పేరున్న ఫిల్టర్ కంపెనీలు ఈ లెక్కలు ఇస్తాయి. డబ్బా మీద పార్టు నంబరు తప్ప ఏమీ లేనివాడు ఏం దాస్తున్నాడో మీరే ఊహించుకోండి.

డీజిల్ ఫిల్టర్ ఇంకా నాజూకు వ్యవహారం. కారు టైరులో గాలి సుమారు రెండు, రెండున్నర బార్ల ఒత్తిడితో ఉంటుంది. కామన్ రైల్ ఇంజనులో డీజిల్‌ను 1600 బార్లు, అంతకు పైన ఒత్తిడితో చిమ్ముతారు. అంత ఒత్తిడి దగ్గర కంటికి కనబడని ఇసుక రేణువు ఇంజెక్టర్‌ను కోసేస్తుంది, నీటి బొట్టు తుప్పు పట్టిస్తుంది. అందుకే ఈ ఫిల్టర్ అడుగున నీళ్లు విడిచే మరను మరిచిపోవద్దు. కొత్త డీజిల్ ఫిల్టర్ బిగించేటప్పుడు అందులో క్యానుతో డీజిల్ నింపి పెట్టే పాత ఆదత్ ఒకటుంది. అలా పోసిన డీజిల్ వడకట్టకుండానే శుభ్రమైన వైపుకు చేరి, నేరుగా పంపులోకి, ఇంజెక్టర్లలోకి వెళ్లిపోతుంది. ఖాళీ ఫిల్టర్ బిగించి, చేతి పంపుతో గాలి తీయండి. రెండు నిమిషాల సబర్ చాలు.

ఎయిర్ ఫిల్టర్‌ను బంకు దగ్గర కంప్రెసర్ గాలితో కొట్టించి "కొత్తదానిలా అయ్యింది" అనుకోవడం మరో ధోకా. ఆ వేగానికి కాగితంలో కంటికి ఆనని చిరుగులు పడతాయి. మన రోడ్ల దుమ్ములో ఉండే ఇసుక ఇంజను లోహం కన్నా గట్టిది. ఆ చిరుగుల్లోంచి దూరి లైనర్‌ను సాన పట్టినట్టు అరగదీస్తుంది. కొత్త ఎయిర్ ఫిల్టర్ వెల ఎంత, బోర్ చేయించే ఖర్చు ఎంత? హిసాబ్ మీరే వేయండి.

నకిలీల బజార్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? తళతళలాడే డబ్బా, హోలోగ్రామ్‌తో సహా అన్నీ ఉంటాయి. జీఎస్టీ బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాను అలాగే కబాడీ వాడికి ఇవ్వకండి. అడుగున మేకుతో చిల్లు పెట్టి, స్టిక్కర్ చించి ఇవ్వండి. మీ మంచి డబ్బా రేపు మీ పక్కింటివాడి నకిలీ డబ్బా కాకుండా ఉంటుంది.

నిలబడే బండికి క్యాలెండరే మీటరు

"పదివేల కిలోమీటర్లు ఇంకా కాలేదు, ఆయిల్ ఎందుకు మార్చాలి?" అని అడుగుతారు. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగని ఇంటి బండికి మీటరు సగం నిజమే చెబుతుంది. దర్గా దగ్గర ఏసీ కోసం గంటల తరబడి ఇంజను ఆన్‌లో పెడతాం. మీటరు ఒక్క కిలోమీటరు కూడా కదలదు, ఆయిల్ మాత్రం పాతబడుతుంది. అందుకే కితాబ్‌లో "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది" అని రాస్తారు. రెండో సగం మనం చదవం. మనలాంటి బండికి లెక్క పెట్టాల్సింది ఆ రెండో సగమే.

బండిని నెలల తరబడి నిలబెట్టబోతున్నారా? ఆయిల్ నిలబెట్టే ముందు మార్చండి, బయల్దేరే ముందు కాదు. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లం ఉంటాయి. అవి నాలుగు నెలలు బేరింగులను నాకుతూ కూర్చుంటాయి. డీజిల్ ట్యాంకు దాదాపు నిండా ఉంచండి. ఖాళీ జాగా ఉంటే గాలిలోని తేమ నీళ్లై అడుగున చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య క్రిములు పెరిగి నల్లటి జిగురు పుడుతుంది. అజ్మీర్ దారిలో అర్ధరాత్రి ఫిల్టర్ మూసుకుపోయేది దీనితోనే.

డీపీఎఫ్ ఉన్న బండిలో ఇంకో నిఘా పెట్టాలి. ఆయిల్ మట్టం తగ్గితే అందరూ చూస్తారు, పెరిగితే సంతోషిస్తారు. సంతోషించకండి. జాలీలోని మసి కాల్చడానికి చిమ్మిన అదనపు డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. పొట్టి పొట్టి ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్ చేసే బండ్లలో ఇది మామూలే. మట్టం గీత దాటితే ఆయిల్ మార్చాల్సిందే.

ఉస్తాద్‌ల ఆదత్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బీఎస్-3 రోజుల్లో డీజిల్‌లో 350 పీపీఎం దాకా గంధకం ఉండేది. బీఎస్-4లో 50. ఇప్పుడు బంకులో దొరికే బీఎస్-6 డీజిల్‌లో 10. గంధకం ఎక్కువైతే ఆయిల్‌లో ఆమ్లం ఎక్కువ చేరుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఉస్తాద్ నేర్చుకున్న ఆయిల్ లెక్క ఆ కాలపు డీజిల్‌ది. ఆ డీజిల్ ఇప్పుడు లేదు, లెక్క మాత్రం ఉంది. ఆయన తజుర్బాకు నా సలాం. కానీ తజుర్బాకు కూడా తారీఖు ఉంటుంది.

వారంటీ భూతం

ఇక కంపెనీల వంతు. "బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుంది" అని షోరూమ్ కౌంటర్‌లో బెదిరింపు. మనవాళ్లు సర్‌కార్ హుకుమ్‌లా తల ఊపి వచ్చేస్తారు.

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జుర్మానా వేసింది. విడిభాగాలను, రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది ఇల్జామ్. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లిన ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేసే షరతు పెట్టొద్దనీ, బయటి పని వల్ల పాడైన భాగానికి మాత్రమే కాదనవచ్చనీ ఆ ఉత్తర్వు చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే దాస్తాన్. అమెరికాలో 1975 నుంచే మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా బ్రాండు పుర్జానే వాడాలని వారంటీకి షరతు పెట్టాలంటే, మామూలుగా దాన్ని ఉచితంగా ఇవ్వాలి.

అంటే హక్ ఉంది. దాన్ని నిలబెట్టే సబూత్ మన దగ్గర ఉందా? ఆయిల్ బిల్లు, ఫిల్టర్ పార్టు నంబరు, మార్చిన తారీఖు, మీటరు అంకె. ఇవి లేకుండా షోరూమ్‌లో గొంతు పెంచితే దాన్ని షోర్ అంటారు, దలీల్ అనరు.

మజూరీ ఇవ్వం, కమీషన్ ఇస్తాం

"ఇదంతా మనమే చేసుకుంటే మిస్త్రీల రోజీ ఏం కావాలి? వాళ్లు మనవాళ్లే కదా" అని అడిగేవాళ్లుంటారు. సవాల్ నిజాయితీగలది. జవాబ్ కూడా నిజాయితీగా ఇవ్వాలి.

గంటన్నర బండి కింద పడుకుని, వేడి ఆయిల్ మోచేతి దాకా కారుతుంటే పనిచేసినవాడికి మనం ఎంత ఇస్తున్నాం? మజూరీ అడిగితే బేరమాడతాం. "నట్టు విప్పి బిగించడానికి ఇంత అడుగుతావా" అంటాం. అదే మనిషి "సామాన్లన్నీ కలిపి ఇంత" అంటే కిమ్మనకుండా ఇస్తాం. అప్పుడు ఆయన రోజీ ఎక్కడ వెతుక్కుంటాడు? ఆయిల్ డబ్బాలో, ఫిల్టర్ పెట్టెలో, దుకాణం వాడిచ్చే కమీషన్‌లో. ఎక్కువ కమీషన్ దేని మీద దొరుకుతుంది? నాసిరకం మీద. మెహనత్‌కు ధర కట్టని మనమే ఒక ఇమాన్‌దార్ మనిషిని నకిలీ బజార్ వైపు నెడుతున్నాం. ఆ తర్వాత ఆయన్నే చోర్ అంటాం.

సామాను మనం కొని, మజూరీ ఆయన అడిగినంత ఇచ్చి చూడండి. ఆయనకు డబ్బాలో దాచుకోవాల్సింది ఏమీ ఉండదు, మనకు అనుమానించాల్సింది ఏమీ ఉండదు. తామే చేసుకోగలిగినవాళ్లు చేసుకోనివ్వండి. చదునైన నేల, జాకీ మీద ఆధారపడకుండా గట్టి స్టాండ్లు, ఓ మోస్తరు వెచ్చగా ఉన్న ఇంజను, చేతికి గ్లవ్స్, కొత్త డ్రెయిన్ వాషర్, పాత ఫిల్టర్ రబ్బరు ఇంజనుకే అతుక్కుపోలేదని ఒకసారి కళ్లతో చూసుకోవడం. బిగించాక ఆయిల్ లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ తొక్కకపోవడం. ఇవి తెలిసిన యజమాని ఎదురుగా ఉంటే మంచి మిస్త్రీ ఇబ్బంది పడడు. అతని మంచితనాన్ని గుర్తించగలిగేది అలాంటి యజమానే.

ఇల్మ్ ఎవరి జాగీరు?

నేను ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీ తెలుగులో చేశాను. మోటారు షెడ్డులో వినిపించే భాష ఈ రెండూ కలిసిందే. మరమ్మతు, మిస్త్రీ, ఉస్తాద్, పుర్జా, పానా, పేచ్‌కస్, చాబీ. హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా, నిజామాబాద్ నుంచి గుంటూరు దాకా బండి ఆగితే పిలిచే మాటలన్నీ మనవి. కానీ ఆ ఇంజను గురించి రాసిన కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. పన్నెండేళ్లకే బడి మాని షెడ్డులో చేరిన ఛోటూ దాన్ని చదవలేడు. ప్రశ్న అడిగితే ఉస్తాద్ పానాతో కొడతాడు, ఎందుకంటే ఆయన ఉస్తాద్ కూడా అలాగే కొట్టాడు. ఇల్మ్ ఇలా రాజ్ అయిపోతుంది. ఒక తరంలో నిజమైన లెక్క, తర్వాతి తరంలో అర్థం తెలియని ఆదత్‌గా మిగులుతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి బండికి ఒక నోటుబుక్కు. మొదటి పేజీలో కితాబ్ నుంచి తీసి తెలుగులోనో ఉర్దూలోనో రాసుకున్న ఐదు సంగతులు: ఆయిల్ చిక్కదనం, తరగతి, ఎన్ని లీటర్లు, మూడు ఫిల్టర్ల పార్టు నంబర్లు, ఎన్ని నెలలకు మార్చాలి. తర్వాతి పేజీల్లో తారీఖులు, బిల్లులు. ఇది మగవాళ్ల పనే అని ఎవరు చెప్పారు? పాల లెక్క, స్కూలు ఫీజుల లెక్క, చిట్టీల లెక్క పైసాతో సహా రాసే ఆపాలు, ఖాలాలు మన ఇళ్లలో ఉన్నారు. బండి లెక్క వాళ్ల చేతికిస్తే ఏ నెలా తప్పదు. కాలేజీకి వెళ్లే బేటీ ఇంగ్లిషు కితాబ్‌ను ఒక సాయంత్రం కూర్చుని తెలుగులోకి దించేస్తుంది.

చివరిగా పాత ఆయిల్. తీసిన నల్ల ఆయిల్‌ను నాలాలో పారబోస్తాం, చెదలు పట్టకుండా కట్టెలకు పూస్తాం, ఇంటి ముందు దుమ్ము లేవకుండా చల్లుతాం. అందులో లోహాలు, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. ఒక్క బండి నుంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, పాత ఆయిల్‌ను అనుమతితో సేకరించేవాళ్లకు చేరే వర్క్‌షాపులో ఇవ్వండి. మన ఇంజను బాగుండాలని మొహల్లా బోరుబావిని ఖరాబ్ చేసే హక్ మనకు లేదు.

ఈ ఉర్స్‌కు బయల్దేరే ముందు డ్యాష్‌బోర్డు అరలో మూలుగుతున్న ఆ కితాబ్ బయటికి తీయండి. అందులో లేకపోతే అదే మోడల్ కితాబ్ షోరూమ్‌లో అడిగి తెచ్చుకోండి. ఆయిల్ పేజీ ఒక్కటి చదవండి. అందులో ఉన్నదే కొనండి, బిల్లు దాచండి. మిస్త్రీకి మాత్రం బేరం చేయకుండా ఆయన మజూరీ ఆయనకు ఇచ్చేయండి.